రంగం నుంచి నడిచి వచ్చినవాళ్ళ మాటలు రాసి పెట్టండి

సంపాదకులకు నమస్కారం.

ఏటా ఏప్రిల్ 6 దగ్గర పడితే, 1942లో ఆ రోజు విశాఖ, కాకినాడల మీద జపాన్ బాంబులు పడిన సంగతి ఎక్కడో ఒకచోట చిన్న వార్తగా కనిపిస్తుంది. సంతోషమే. కానీ మా వైపు ఎన్నో కుటుంబాలకు రెండో ప్రపంచ యుద్ధం మొదలైంది ఆ రోజు కాదు. 1941 డిసెంబరు 23న, రంగంలో.

రంగం అంటే బర్మాలోని రంగూన్, ఇప్పటి మయన్మార్‌లోని యాంగోన్. మా సోంపేట చుట్టుపక్కల పెద్దవాళ్ళు ఇప్పటికీ అలాగే అంటారు. విశాఖ, కాకినాడ, ఇప్పటి ఒడిశాలోని గోపాలపురం రేవుల నుంచి ఓడెక్కి మనవాళ్ళు కూలికి వెళ్ళేవారు. 1931 జనాభా లెక్కల నాటికి రంగంలో సగానికి పైగా భారతీయులే. కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరు మీద బర్మావాళ్ళు మనల్ని కోరంగీలు అనేవారు.

మా తాత అక్కడి రేవులో మూటలు మోసేవాడు. ఆ రోజు ఉదయం విమానాలు వస్తుంటే జనం దాక్కోలేదట. వీధుల్లో నిలబడి తలెత్తి చూశారట. అంతకుముందు బాంబు ఎలా ఉంటుందో ఎవరికి తెలుసు? సాయంత్రం ఇల్లు చేరిన తాత బట్టల నిండా రక్తం ఉందని, అది ఆయనది కాదని తెలుసుకోవడానికి చాలాసేపు పట్టిందని నాయనమ్మ చెప్పేది.

నేను ముప్పై ఏళ్ళకు పైగా సోషల్ చెప్పాను. 1939 సెప్టెంబరు 1న జర్మనీ పోలండ్ మీద పడటం, 3న బ్రిటన్ యుద్ధం ప్రకటించడం, మన నాయకులను ఒక్క మాట అడగకుండా వైస్రాయ్ లిన్‌లిత్‌గో మన దేశాన్ని కూడా అందులోకి దింపడం, ఇవన్నీ మా పిల్లలకు కంఠతా వచ్చు. జపాన్ బర్మాకు ఎందుకొచ్చిందో చెప్పేసరికి పీరియడ్ అయిపోయేది. 1937 నుంచి చైనాతో యుద్ధంలో ఉన్న జపాన్‌కు 1941లో అమెరికా చమురు ఆపేసింది. బర్మాలో చమురుంది, బియ్యముంది. చైనాకు ఆయుధాలు వెళ్ళే రోడ్డు కూడా అక్కడి నుంచే. ఆ సామానంతా దిగేది మా తాత పనిచేసిన రేవులోనే.

బాంబుల తర్వాత రంగం విడిచి పారిపోయేటప్పుడు ఓడ టికెట్లు డబ్బున్నవాళ్ళకు దొరికాయి. మావాళ్ళు నడిచారు. రంగం నుంచి ప్రోమ్, అక్కడ ఐరావతి నది దాటి టాంగప్ కనుమ, ఆపైన అక్యాబ్, చిట్టగాంగ్. అయిదేళ్ళ మా నాన్న తాత భుజం మీద, మూడేళ్ళ మేనత్త నాయనమ్మ చంకలో. ప్రోమ్ చేరేసరికి కలరా. మేనత్త అక్కడే పోయింది. గుంట తవ్వడానికి పార కూడా దొరకలేదని, చేతులతోనే తవ్వామని నాయనమ్మ ఒక్కసారే చెప్పింది. మళ్ళీ అడిగే ధైర్యం నాకు లేకపోయింది. అలా కాలినడకన, అడవుల గుండా వచ్చినవాళ్ళు లక్షల్లో ఉన్నారు. దారిలో పోయినవాళ్ళ లెక్క ఎవరి దగ్గరా సరిగా లేదు.

1942 మార్చి 8న రంగం జపాన్ చేతికి పోయింది. మావాళ్ళు ఊరు చేరి ఊపిరి పీల్చుకునేలోపే విశాఖ మీద బాంబులు. విశాఖ జనం మూటలు కట్టుకుని పల్లెలకు పరుగులు తీస్తుంటే, నాయనమ్మ మాత్రం 'ఇంక నడవను' అని గుమ్మంలో కూర్చుండిపోయిందట. ఆ తర్వాత బర్మా బియ్యం రాలేదు. ధరలు పెరిగాయి, కిరసనాయిలుకు, బట్టకు కరువు. 1943లో బెంగాల్లో ఆకలితో, జబ్బులతో దాదాపు 30 లక్షల మంది చనిపోయారని అంచనా. అక్కడ కరువుకు వేరే కారణాలూ ఉన్నాయి గానీ, బర్మా బియ్యం ఆగిపోవడం వాటిలో ఒకటి.

నా విన్నపం ఇదీ. ఆ దారిన చిన్నపిల్లలుగా వచ్చినవాళ్ళు ఇంకా అక్కడక్కడ ఉన్నారు. అందరికీ ఎనభై అయిదు దాటి ఉంటుంది. మీ విలేకరులు శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ, గోదావరి జిల్లాల్లో వాళ్ళ దగ్గర కూర్చుని ఫోన్‌లోనైనా మాటలు రికార్డు చేయాలి. జిల్లా పేజీల్లో వారానికి ఒకరి కథ వేసినా చాలు. మా నాన్న పోయి నాలుగేళ్ళయింది. ఆయనను నేనే సరిగా అడగలేదు.

1988లో నాయనమ్మ చెబుతుండగా రాసుకున్న రెండు నోటు పుస్తకాలు నా దగ్గర ఉన్నాయి. మీవాళ్ళు ఎవరు వచ్చినా ఇస్తాను.

ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
సోంపేట, శ్రీకాకుళం జిల్లా