ఇల్లు చూడకుండా అడ్వాన్సు పంపవద్దు

సంపాదకులకు నమస్కారం.

మా కడప నుంచి విదేశాలకు చదువుకోవడానికి వెళ్లే పిల్లలు, అక్కడ దిగకముందే ఫొటోలు చూసి అపార్ట్‌మెంటుకు అడ్వాన్సు పంపేయడం నాకు ఆందోళన కలిగిస్తోంది. అవతలివారికి ఆ ఇంటిని అద్దెకిచ్చే హక్కు ఉందని తేలకుండా, ఒప్పందం పూర్తిగా చదవకుండా, ఎంత తొందరపెట్టినా రూపాయి కూడా పంపకూడదు. ఇంగ్లండులో ఏడాది అద్దె 50,000 పౌండ్లలోపు ఉంటే సాధారణంగా డిపాజిట్టు ఐదు వారాల అద్దెను మించరాదు. ఇంటి యజమాని దానిని అందుకున్న 30 రోజుల్లోగా ప్రభుత్వ ఆమోదం ఉన్న రక్షణ పథకంలో చేర్చాలి. జర్మనీలో పరిమితి మూడు నెలల అద్దె, అదీ హీటింగ్ వంటి ఖర్చులు కలపకుండా. ఆ హీటింగ్ ఖర్చు అద్దెలో కలిసి ఉందా అని అడగాలన్న ఆలోచన మన ఎండల్లో పెరిగినవారికి రాదు గాని, చలికాలంలో అదే పెద్ద భారమవుతుంది. విద్యార్థులను పంపే కన్సల్టెన్సీలు ఈ నిబంధనలను తల్లిదండ్రులకు ముందే తెలుగులో వివరించాలని కోరుతున్నాను.

– ఒక విద్యార్థి తండ్రి, కడప