మా ఇంటావిడ పేరు సరయింది: తోడు నిలిచిన అందరికీ కృతజ్ఞతలు

మొన్న మంగళవారం స్పర్శ్‌లో, అంటే ఫౌజు పెన్షన్ల వెబ్‌సైట్‌లో, నా కొరిజెండం పీపీవో (తప్పు దిద్దిన పెన్షన్ ఉత్తర్వు) కనబడింది. నా తర్వాత కుటుంబ పెన్షన్ ఎవరికి అన్న చోట మా ఇంటావిడ పేరు ఆధార్‌లో ఉన్నట్టే ఉంది, ఒక్క అక్షరం తేడా లేదు. పుట్టిన తేదీ కూడా సరిపోయింది. ఈ పని కోసం నాతో తిరిగినవాళ్లందరికీ ఫోన్ చేసి చెప్పాను. అయినా తనివి తీరక ఇక్కడ రాస్తున్నాను.

నేను 1981లో ఫౌజులో చేరి 1998లో హవల్దారుగా పెన్షన్ వచ్చాను. మా ఇంటావిడకి విజయనగరం అమ్మవారి పేరే పెట్టారు, పైడితల్లి. 1987లో మా పెళ్లయింది. సెలవు ముగించుకుని యూనిట్‌కి చేరేసరికి అక్కడ శ్రీలంక ప్రయాణం హడావుడి. పెళ్లయి వచ్చినవాళ్లని వరసలో నిలబెట్టి, పార్ట్ టూ ఆర్డర్ (పెళ్లి లాంటి వివరాలు రికార్డుకెక్కించే ఉత్తర్వు) కోసం భార్యల పేర్లు అడిగి రాసుకున్నారు. నేను నోటితో చెప్పాను. రాసుకున్నాయనకి తెలుగు రాదు. పైడితల్లి కాస్తా 'పదితాలి' అయింది. పుట్టిన సంవత్సరం కూడా రెండేళ్లు తేడాగా పడింది. ఆయన మీద నాకేమీ కోపం లేదు, ఆ రోజు ఎన్ని వందల పేర్లు రాశాడో. కానీ అదే తప్పు నా సర్వీసు వివరాలుండే షీట్ రోల్‌లోకి, అక్కడి నుంచి ఫౌజు వదిలేటప్పుడు ఇచ్చే డిశ్చార్జ్ బుక్‌లోకి, పీపీవోలోకి పాకిపోయింది. శ్రీలంకలో నాకేమైనా అయి ఉంటే ఆ టెలిగ్రాం ఎవరి పేరు మీద వచ్చేదో అని ఇప్పటికీ అనిపిస్తుంది.

ఇన్నేళ్లూ పట్టించుకోలేదు. నెలనెలా పెన్షన్ బ్యాంకులో పడుతోంది, నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ ఇస్తున్నాను, ఇంకేం కావాలి అనుకున్నాను. నాతోపాటే భర్తీ అయిన పక్క ఊరి మిత్రుడు గుండెపోటుతో పోయాక భయం పట్టుకుంది. వాళ్ల కాగితాల్లోనూ పేరు తేడా ఉంది. మనిషి పోయిన దుఃఖంలో ఆ చెల్లెమ్మ 'నేనే ఆయన భార్యని' అని రుజువు చేసుకోవడానికి 14 నెలలు తిరిగింది. మామూలు కుటుంబ పెన్షన్ అంటే ఆఖరి జీతంలో 30 శాతం. నేను పోతే మా ఇంట్లో బియ్యం, మందులు, కరెంటు బిల్లు అన్నీ దానితోనే గడవాలి. నేను బతికుండగానే ఇది దిద్దించాలని ఆ రోజే నిర్ణయించుకున్నాను.

మొదటి రెండుసార్లు నా దరఖాస్తు మా సర్వీసు కాగితాలుండే రికార్డ్ ఆఫీసు నుంచి తిరిగొచ్చింది. ఒకసారి జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారా కాకుండా నేరుగా పోస్టులో పంపానని. రెండోసారి అఫిడవిట్‌లో రెండు పేర్లూ ఒకే మనిషివి అన్న మాట లేదని. ఆ రెండో కవరు చూశాక మూడు రోజులు సరిగా అన్నం తినలేదు.

అప్పుడు మా మండలంలో ఉండే సుబేదార్ సాబ్ దగ్గరికి వెళ్లాను. ఆయన సర్వీసంతా క్లర్క్ ట్రేడ్‌లోనే చేసి వచ్చారు. నా డిశ్చార్జ్ బుక్ ట్రంకు పెట్టెలో వేపాకుల మధ్య దాచినది, మడతల దగ్గర చిరుగు పట్టేసింది. దాన్ని ఆయన అరుగు మీద వెలుతురులో పెట్టుకుని, భూతద్దంతో కుటుంబ వివరాల పేజీ పావుగంట చూశారు. మూలన వెలిసిపోయిన ఊదా సిరాలో ఒక నంబరు, దాని పక్కన తేదీ. "ఇదిగో హవల్దార్, నీ పెళ్లి పార్ట్ టూ ఆర్డర్. ఇది రాయకుండా పంపితే వాళ్లు ఎక్కడని వెతుకుతారు?" అన్నారు. ఆ మూల నేను ఇరవయ్యేడేళ్లలో ఒక్కసారి కూడా చూడలేదు. దరఖాస్తు ఆయనే కూర్చుని రాశారు, ఆ నంబరు మొదటి వాక్యంలోనే పెట్టారు. సాబ్, మీరు నా దగ్గర టీ కూడా తాగలేదు. మీ రుణం ఎలా తీర్చుకోవాలో తెలియడం లేదు.

పుట్టిన తేదీకి రుజువు కావాల్సి వచ్చింది. మా ఇంటావిడ చదివింది ఐదో తరగతి వరకే. వాళ్ల ఊరి ప్రాథమిక పాఠశాల హెడ్మాస్టరు గారు ఆదివారం పూట బడి తెరిచి, ముక్కుకి తువ్వాలు కట్టుకుని, అటక మీది పాత అడ్మిషన్ రిజిస్టర్లు దింపారు. నాలుగో పుస్తకంలో దొరికింది. ఆవిడ పేరు, పుట్టిన తేదీ, ఎదురుగా వాళ్ల నాన్న వేలిముద్ర. మా ఇంటావిడ ఆ ముద్ర మీద చెయ్యి పెట్టి చాలాసేపు అలాగే ఉండిపోయింది. మా మావగారి ఫోటో ఒక్కటి కూడా ఇంట్లో లేదు. హెడ్మాస్టరు గారూ, స్టడీ సర్టిఫికెట్‌తో పాటు ఆ పేజీ జిరాక్సు కూడా ఇచ్చారు. దాన్ని దేవుడి గదిలో పెట్టుకుంది.

సైనిక సంక్షేమ కార్యాలయంలో కాగితాలు చూసే అమ్మాయికి నా కూతురి వయసు ఉంటుంది. అఫిడవిట్, ఆధార్, పాన్, ఇద్దరం కలిసి దిగిన ఫోటో, పెళ్లి రుజువు, డిశ్చార్జ్ బుక్ నకలు, పీపీవో నకలు, అన్నీ వరసగా పేర్చి, ప్రతి పేజీ మీద నా ఆర్మీ నంబరు, ర్యాంకు, పేరు రాయించింది. "కాగితాలు విడిపోయినా మీవని తెలియాలి కదా అంకుల్" అంది. పంపిన నెలకి తనే ఫోన్ చేసి కవరు చేరిందని చెప్పింది. అలా ఫోన్ చెయ్యడం ఆమె డ్యూటీలో లేదు. చల్లగా ఉండమ్మా.

మా ఊరి సీఎస్‌సీ (ఆన్‌లైన్ సేవల కేంద్రం) నడిపే కుర్రాడికీ, నా అల్లుడికీ, సాక్షి సంతకాలు చేసిన ఇద్దరు మిత్రులకీ పేరుపేరునా దండాలు.

నాలాగే ఎనభైల్లో, తొంభైల్లో పెన్షన్ వచ్చిన తోటి ఫౌజీలకి ఒక మాట. డిశ్చార్జ్ బుక్‌లో మన చేత్తో దిద్దితే అది చెల్లదు. ముందు రికార్డ్ ఆఫీసులో మారాలి, ఆ తర్వాతే ప్రయాగ్‌రాజ్ పెన్షన్ ఆఫీసు నుంచి కొరిజెండం వస్తుంది. ఎవరి రికార్డ్ ఆఫీసు వారిదే. ఆర్టిలరీ వాళ్లది నాసిక్ రోడ్, మద్రాస్ రెజిమెంట్ వాళ్లది వెల్లింగ్టన్, సిగ్నల్స్ వాళ్లది జబల్‌పూర్, ఈఎంఈ వాళ్లది మన సికింద్రాబాదే. ఈ రోజే బుక్ తీసి భార్య పేరు, పుట్టిన తేదీ, పిల్లల పేర్లు ఆధార్ పక్కన పెట్టి చూడండి. మన తెలుగు పేర్లకి ఈ గండం ఎక్కువ. ఇంటిపేరు ముందుంటుంది, రికార్డులో వెనక్కి పోతుంది. లక్ష్మి అన్న ఒక్క పేరునే ఇంగ్లీషులో మూడు రకాలుగా రాస్తారు. ఒక్క అక్షరమే కదా అనుకోకండి, ఆ అక్షరం దగ్గరే రేపు ఆవిడ్ని ఆపుతారు.

ప్రింటు తీసుకుని ఇంటికి వెళ్లేసరికి మా ఇంటావిడ పెరట్లో గిన్నెలు తోముతోంది. చెయ్యి కొంగుకి తుడుచుకుని, "ఏటండీ, ఇందులో నా పేరెక్కడుంది?" అంది. వేలు పెట్టి చూపించాను. మనవరాలిని పిలిచి ఇంగ్లీషు అక్షరాలు ఒక్కొక్కటీ చదివించుకుంది. రెండోసారి కూడా చదివించుకుంది. తర్వాత ఆ కాగితం తడవకుండా నా చేతికిచ్చి, "ముందు సుబేదారు గారికి చెప్పి రండి" అంది.

సుబేదార్ సాబ్ అరుగు మీద నాకూ కాస్త చోటిచ్చారు. ఇక నుంచి ప్రతి శనివారం సాయంత్రం అక్కడే కూర్చుంటాను. మా మండలం వాళ్లు డిశ్చార్జ్ బుక్, పీపీవో, ఇద్దరి ఆధార్ కార్డులు పట్టుకుని రండి. భూతద్దం అక్కడే ఉంది.