రొయ్యల చెరువు కాపలాదారుల నిద్ర గురించి కార్మిక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి నమస్కారాలు.

నేను భీమవరం దగ్గర ఒక పల్లెలో హైస్కూలు పిల్లలకు జీవశాస్త్రం చెబుతాను. మా తమ్ముడు రొయ్యల చెరువు మీద రాత్రి కాపలా ఉంటాడు. మొన్న చలికాలంలో పొద్దున్నే ఇంటికొస్తూ కునుకు పట్టి బండితో సహా పంటకాలువలో పడ్డాడు. ఎవరో చూసి లాగారు కాబట్టి బతికాడు. "ఒళ్ళు దగ్గర పెట్టుకోవాలి కదా" అన్నారు ఓనరు. ఆ మాట నాకు ఇప్పటికీ ముల్లులా గుచ్చుకుంటోంది.

కంటి నరాలు రెండూ కలిసే చోటుకి కాస్త పైన, మెదడులో సుమారు 20,000 కణాల చిన్న గుంపు ఉంది. మన ఒంటికి గడియారం అదే. కంట్లో పడే వెలుతురుని బట్టి అది టైము సరిచూసుకుంటుంది. చీకటి పడ్డాక దాని సంకేతంతోనే మెదడులోని పీనియల్ గ్రంథి, నిద్రవేళ అయిందని ఒంటికి చెప్పే మెలటోనిన్ అనే హార్మోన్‌ని వదులుతుంది. ఇంకోపక్క, మేలుకుని ఉన్నకొద్దీ మెదడులో అడినోసిన్ అనే రసాయనం పేరుకుంటూ నిద్రలోకి లాగుతుంది. టీలోని కెఫీన్ చేసేదల్లా అడినోసిన్ సీట్లో తాను కూర్చోవడమే. పేరుకున్నది ఎక్కడికీ పోదు. కెఫీన్ పట్టు సడలగానే నిద్ర ముంచుకొస్తుంది.

తెల్లారగట్ల మూడు నుంచి ఐదింటి దాకా ఈ రెండూ ఒక్కటై మనిషిని పడగొడతాయి. చెరువులో ఆక్సిజన్ అడుగంటేదీ సరిగ్గా అప్పుడే. రాత్రంతా నాచు కూడా ఆక్సిజన్ పీల్చుకోవడమే తప్ప ఇవ్వదు. ఆ వేళ కరెంటు పోయి, నీళ్ళలో గాలి కలిపే ఏరియేటర్లు ఆగితే, నిమిషాల్లో జనరేటర్ వేయాలి. లేదంటే లక్షల పంట పోతుంది.

పగలు పడుకోవచ్చు కదా అంటారు. దారిలో మొహాన కొట్టే ఎండే గడియారానికి తెల్లారిందని చెప్పేస్తుంది. మా తమ్ముడు మధ్యాహ్నం పడుకున్నా, ఫ్యాను చప్పుడు ఆగితే చాలు, చెరువు మీద కరెంటు పోయిందనుకుని కళ్ళు తెరవకుండానే కాళ్ళతో చెప్పులు వెతుక్కుంటాడు.

అయ్యా, రాత్రికి ఇద్దరుండాలని, వంతులవారీగా ఒక్క అరగంటైనా నడుం వాల్చనివ్వాలని నిబంధన పెట్టండి. వారం పగలు, వారం రాత్రి అంటూ డ్యూటీ మార్చొద్దనండి. మెదడులోని గడియారం అంత త్వరగా జరగదు. చిన్న రైతుకి రెండో మనిషి కూలి భారమే, కాదనను. వాళ్ళకి ఆక్సిజన్ తగ్గగానే సైరన్ మోగే పరికరం సబ్సిడీ మీద ఇచ్చేలా మత్స్య శాఖతో మాట్లాడండి.

తమరు ఇటు వచ్చినప్పుడు తెల్లారగట్ల నాలుగింటికి ఒక చెరువు గట్టు దగ్గర ఆగండి. నేను తోడు వస్తాను.

ఇట్లు,
ఒక కాపలాదారు అక్క