ఫేజ్ ఎక్కించాక ఒంట్లో ఏమవుతుందో రాయరేం?

సంపాదకుల వారికి,

పది రోజుల కిందట మీ ఆదివారం పేజీలో ఫేజ్ చికిత్స (బ్యాక్టీరియాను చంపే వైరస్‌లైన ఫేజ్‌లను మందుగా ఇవ్వడం) మీద వచ్చిన వ్యాసానికి ఇంతవరకు సవరణ వేయలేదు. ఒక్క ఇంజెక్షన్ చాలట, లోపలికెళ్లాక ఫేజ్‌లు వాటంతటవే పెరిగి చెడ్డ బ్యాక్టీరియాను తుడిచిపెడతాయట, ఏ ఇబ్బందీ రాదట. ఐసీయూలో ఏ మందూ పనిచేయని మనిషి పక్కన కూర్చున్నవాళ్లు ఇది చదివి ఎక్కడికని పరిగెత్తాలి?

రక్తంలోకి ఎక్కించిన ఫేజ్‌లను మన ఒళ్లు ఉండనివ్వదు. కాలేయం, ప్లీహం వాటిని పట్టి మింగేస్తాయి. చాలా ఫేజ్‌ల లెక్క కొద్ది గంటల్లోనే వేల రెట్లు పడిపోతుంది. అందుకే లండన్‌లో 2018లో ఊపిరితిత్తుల మార్పిడి జరిగి, మందులకు లొంగని ఇన్ఫెక్షన్ సోకిన 15 ఏళ్ల అమ్మాయికి మూడు రకాల ఫేజ్‌లు, డోసుకు ఒక్కోటి 100 కోట్ల చొప్పున, 12 గంటలకోసారి నెలల తరబడి ఎక్కించారు. ఆ మూడింట్లో రెండు బ్యాక్టీరియాను చంపకుండా అందులోనే దాక్కునే రకం. అలా దాక్కునేలా చేసే జన్యువును కత్తిరించాకే పనికొచ్చాయి. నోటితో ఇద్దామంటే కడుపులో ఆమ్లం చంపేస్తుంది, ముందు దాన్ని తగ్గించే మందు పట్టించాలి.

ఇక వాటంతటవే పెరగడం. పెరగాలంటే ఆ చోట బ్యాక్టీరియా దండిగా ఉండాలి. ఢాకాలో విరేచనాల పిల్లలకు ఈ-కోలై బ్యాక్టీరియాను చంపే ఫేజ్ తాగించిన ప్రయోగం ఫలితాలు 2016లో వచ్చాయి. ఫేజ్ మలంలో కనిపించింది గానీ పెద్దగా పెరగలేదు, జబ్బూ తగ్గలేదు. పేగులో ఈ-కోలై తక్కువగా ఉండడం అందుకొక కారణం.

ఇబ్బందులు లేవని ఎలా రాశారు? గ్రామ్-నెగటివ్ బ్యాక్టీరియాలో (ఈ-కోలై లాంటి రకం) పెంచిన ఫేజ్ ద్రావణంలో పగిలిన బ్యాక్టీరియా గోడల నుంచి వచ్చే విషం, ఎండోటాక్సిన్, ఉంటుంది. అది రోగి కిలో బరువుకు గంటకు 5 యూనిట్లు మించని స్థాయికి శుద్ధి చేయకుండా నరానికి ఎక్కిస్తే చలిజ్వరం వస్తుంది, బీపీ పడిపోతుంది. రోగనిరోధక శక్తి బాగున్న 81 ఏళ్ల పెద్దాయనకు ఫేజ్ ఇస్తే మొదటి నెలలో కఫంలో బ్యాక్టీరియా తగ్గింది, రెండో నెలకల్లా యాంటీబాడీలు పుట్టి ఫేజ్‌ను పనిచేయనివ్వలేదు. 2016లో శాన్‌డియాగోలో, మందులకు లొంగని బ్యాక్టీరియా సోకిన టామ్ ప్యాటర్సన్ ఫేజ్‌లతో బతికిన సంగతి గొప్పగా రాశారు, మంచిదే. కానీ ఆయన ఒంట్లోని బ్యాక్టీరియా రోజుల్లోనే ఆ ఫేజ్‌లకు లొంగడం మానేసిందని, కొత్త ఫేజ్ వెతికి కలిపారని, పక్కన యాంటీబయాటిక్‌లూ నడిచాయని రాయలేదు. అసలు కథ అదే కదండీ!

నిల్వ మాటే లేదు. 2015-17లో ఫ్రాన్స్, బెల్జియంలలో కాలిన గాయాలపై 12 ఫేజ్‌ల మిశ్రమాన్ని పరీక్షించారు. మిల్లీలీటరుకు పది లక్షలు ఉండాల్సింది, సీసాలో ఉండగానే పడిపోయి రోగికి అందింది వంద.

అసలు మొదలు ల్యాబ్‌లో ఉంది. ఆ రోగి నుంచి తీసిన బ్యాక్టీరియాను అగర్ ప్లేటు (బ్యాక్టీరియాను పెంచే జెల్లీ పోసిన పళ్లెం) మీద పొరలా పరిచి, ఫేజ్ చుక్క వేసి, 37 డిగ్రీల్లో రాత్రంతా ఉంచాలి. తెల్లారేసరికి చుక్క పడినచోట గాజులా తేటగా కనిపిస్తే ఫేజ్ పట్టినట్టు. మసకగా ఉంటే అనుమానించాలి. ఒకరికి పట్టిన ఫేజ్ పక్క మంచం రోగికి పట్టకపోవచ్చు. మరి మనకు ఆస్పత్రుల్లో కల్చర్ (ఏ బ్యాక్టీరియా ఉందో పెంచి చూసే పరీక్ష) చేయకుండానే యాంటీబయాటిక్ రాసే అలవాటు పోలేదు, మందుల షాపులో చీటీ లేకుండా అమ్మే అలవాటూ పోలేదు. 2007లోనే పటాన్‌చెరులో మందుల కంపెనీల మురుగునీటి శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీళ్లలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఉందని ప్రపంచానికి తెలిసింది. కంపెనీలు వదిలే నీళ్లలో యాంటీబయాటిక్‌లకు హద్దులు పెడుతూ 2020లో కేంద్రం ముసాయిదా తెచ్చింది. తుది నిబంధనల్లో ఆ హద్దులు లేవు! బ్యాక్టీరియా మందులకు లొంగకుండా పోయేది ఇలాంటి వాటివల్లే. అది అడగాల్సిన పత్రికలు అద్భుత మందు కథలు వేస్తే ఎలా?

సవరణ అదే పేజీలో, అంతే జాగాలో వేయండి. ఫేజ్ ఇస్తామని ఎవరైనా అంటే మూడు అడగమని అందులో రాయండి: మా రోగి బ్యాక్టీరియా మీద పరీక్షించారా, ఎండోటాక్సిన్ రిపోర్టు ఏది, ఎక్కించే రోజున సీసాలో ఫేజ్‌ల లెక్క ఎంత.

- ఒక మైక్రోబయాలజీ అధ్యాపకుడు, వరంగల్