‘అదృష్టం ఉంటే కనిపిస్తారు’ అని రాయకండి

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం మీరు వేసిన అండమాన్ యాత్ర వ్యాసం మా వీధిలో చాలామందిమి ఫోన్లలో చదివాం. బీచ్‌ల గురించి, సెల్యులర్ జైలు గురించి బాగా రాశారు. బారాటంగ్ దీవి దగ్గరికి వచ్చేసరికి మాత్రం ‘అదృష్టం ఉంటే దారిలో జరావాలు కనిపిస్తారు’ అన్న మాట పడింది. జరావాలంటే ఈ దీవుల అడవుల్లో ఉండే ఆదివాసీ తెగ. ఇరవై రెండేళ్లుగా ఆ దారిలో టూరిస్టు బండి నడుపుతున్నాను. ఆ ఒక్క మాట బండిలో ఏం చేస్తుందో చెబుదామని ఈ ఉత్తరం.

మా నాన్న శ్రీకాకుళం తీరం నుంచి చేపల వేటకని వచ్చి పోర్ట్ బ్లెయిర్‌లోని జంగ్లీఘాట్‌లో ఉండిపోయాడు. నేను ఇక్కడే పుట్టాను. 2011 జనాభా లెక్కల్లో ఈ దీవుల్లో ఉన్నది 3,80,581 మంది. వందకి 13 మంది తెలుగువాళ్లమే. బెంగాలీలు, తమిళులు, మలయాళీలు, రాంచీవాళ్లు, అందరం ఇంట్లో ఎవరి భాష వాళ్లం మాట్లాడుకుని గడప దాటితే హిందీలోకి మారిపోతాం. మేమంతా బయటినుంచి వచ్చిన జనమే. అవే లెక్కల్లో జరావాలు 380 మంది. వెయ్యికి ఒక్కరు.

బారాటంగ్ ట్రిప్ అంటే రాత్రి మూడింటికే లేవాలి. జిర్కాటాంగ్ చెక్‌పోస్టు దగ్గర బండ్లన్నీ వరసలో నిలబడితే, టైము ప్రకారం గేటు తీసి కాన్వాయ్‌గా పంపుతారు. అక్కడినుంచి మిడిల్ స్ట్రెయిట్ జెట్టీ దాకా దాదాపు 49 కిలోమీటర్లు జరావాల అడవిలోంచే. ఆపకూడదు, ఓవర్‌టేక్ చేయకూడదు, ఫోటో తీయకూడదు, తినేవి ఇవ్వకూడదు. తప్పితే జైలు శిక్ష కూడా ఉంది. ఇవన్నీ బోర్డు మీద రాసే ఉంటాయి, నేనూ చెబుతాను. అయినా గేటు దాటగానే మొదలవుతుంది: “అన్నా, ఒక్క నిమిషం స్లో చెయ్యన్నా, పిల్లాడికి చూపిద్దాం.”

మొన్న సీజన్లో ఒక మలుపు దగ్గర జరావా తల్లి, ఆమె పక్కన నాలుగైదేళ్ల పాప నిలబడి ఉన్నారు. పాప తలకి ఎర్రదారం చుట్టుకుని ఉంది. నా వెనక సీట్లో బిస్కెట్ ప్యాకెట్ చింపిన చప్పుడు వినిపించింది. బటన్ నొక్కి అద్దాలన్నీ లాక్ చేశాను. ఆ ప్యాకెట్ పట్టుకున్నాయన మంచాయనే, పాపని చూసి జాలిపడ్డాడు. కానీ ఆ పాప చెయ్యి అప్పటికే చాచి ఉంది. బండి చూస్తే చెయ్యి చాచాలని ఆ వయసు పిల్లకి నేర్పింది మనమే కదా. ఆ రోజు నాకు జెట్టీ దాకా నోట మాట రాలేదు.

వాళ్లకి తిండి లేక కాదు. అడవిపంది, చేపలు, దుంపలు, తేనె, వాళ్ల అడవిలో, తీరంలో దొరికేవే వాళ్ల భోజనం. 1998 దాకా వాళ్లు మన దగ్గరికి పెద్దగా వచ్చేవాళ్లే కాదు. వచ్చాక 1999లో, మళ్లీ 2006లో తట్టు వచ్చి చాలామంది మంచం పట్టారు. మన రోగాలు కొత్త ఒంటికి ఎంత ప్రమాదమో ఇక్కడి ఇంకో తెగ గ్రేట్ అండమానీస్ లెక్క చూస్తే తెలుస్తుంది. 1901లో 625 మంది ఉన్న ఆ తెగ 1961 నాటికి 19 మందికి వచ్చింది. వాళ్లలో బో భాష మాట్లాడే ఆఖరి మనిషి బోవా సీనియర్ 2010 జనవరిలో కన్నుమూసింది. ఆ భాషలో ఆమెతో మాట్లాడటానికి ఇంకో మనిషి లేకుండానే పోయింది.

ఈ రోడ్డు మూసేయాలని 2002లోనే సుప్రీంకోర్టు చెప్పింది. ఇప్పటికీ నడుస్తోంది. ఈ దారికి అవతల ఉత్తరాన ఉన్న రంగత్, మాయాబందర్, డిగ్లీపూర్ వాళ్లకి బస్సులు, సరుకులు ఇటే వెళ్లాలి, వాళ్ల కష్టం నాకు తెలుసు. టూరిస్టుల సంగతి వేరు. సున్నపురాయి గుహలు, బురద ఉబికే చోటు చూడాలనుకునేవాళ్లని సముద్రం మీదుగా బోటులో తీసుకెళ్లొచ్చు. అలా చేస్తే నా ట్రిప్పులు పోతాయి. పోనివ్వండి, ఎయిర్‌పోర్టు బేరాలు చేసుకుంటాను.

మీ వ్యాసం చదివి వచ్చేవాళ్లలో ఎక్కువమంది మనవాళ్లే. గుహల గురించి రాయండి, మడ అడవుల మధ్య బోటు ప్రయాణం గురించి రాయండి. కాన్వాయ్ నియమాలు నాలుగు లైన్లలో వేయండి. ఆ ‘అదృష్టం’ అన్న వాక్యం తీసేసి సవరణ ప్రచురించండి. వీలైతే ఈ వారమే. డిసెంబరు సెలవులకి బుకింగులు అప్పుడే మొదలయ్యాయి.

— ఒక టూరిస్టు బండి డ్రైవరు, జంగ్లీఘాట్, పోర్ట్ బ్లెయిర్ (ఇప్పుడు శ్రీ విజయపురం)