పాత కెమెరాకి డిజిటల్ బ్యాక్ తగిలించే ముందు

ఎడిటర్ గారికి నమస్కారం,

పాత మీడియం ఫార్మాట్ కెమెరాకి (మామూలు 35 ఎంఎం కంటే పెద్ద ఫిల్మ్ వాడేది) డిజిటల్ బ్యాక్, అంటే ఫిల్మ్ డబ్బా స్థానంలో వెనక బిగించే సెన్సర్ డబ్బా, తగిలిస్తే చాలు, కొత్త కెమెరా అయిపోతుందన్నట్టు మీ వ్యాసంలో రాశారు. అంత తేలిక కాదండీ. అలాంటి కెమెరాల్లో ఒకటైన హాసెల్‌బ్లాడ్ 500 సిరీస్‌లో ఫిల్మ్ ఫ్రేము 56 మిల్లీమీటర్ల చదరం, ఇప్పటి చాలా బ్యాకుల్లో సెన్సర్ 44×33 మాత్రమే, కాబట్టి 80 ఎంఎం లెన్సు వెడల్పులో దాదాపు 100 ఎంఎం లెన్సులా చూస్తుంది, అంటే ఫొటోలో తక్కువ దృశ్యమే పడుతుంది. వ్యూఫైండర్‌లో మాత్రం పాత చదరం మొత్తం కనిపిస్తూనే ఉంటుంది, సెన్సర్ హద్దులు చూపే గీతలున్న స్క్రీన్ లేకపోతే తలలు తెగిపోతాయి.

అసలు తంటా ఫోకస్‌తో. ఫిల్మ్ కాస్త వంగుతుంది, సెన్సర్ బల్లపరుపుగా ఉంటుంది, దానికి తోడు 50 మెగాపిక్సెల్ ఫొటోని పెద్దది చేసి చూస్తే వెంట్రుక వాసి తేడా కూడా దాగదు. నేను ఎఫ్2.8లో, అంటే అపర్చర్ (లెన్సులో వెలుతురు వచ్చే రంధ్రం) పూర్తిగా తెరిచి, కళ్ల మీద ఫోకస్ చేసి తీసిన ఒక పోర్ట్రెయిట్‌లో చెవి దగ్గర జుట్టు పోగు పోగూ లెక్కపెట్టొచ్చు, కళ్లు మాత్రం మసక. నెల రోజులు లెన్సునే తిట్టుకున్నాను, చివరికి చూస్తే ఫోకసింగ్ స్క్రీన్ (మనం చూసి ఫోకస్ చేసే అద్దం) సరిగ్గా కూర్చోలేదు! సరిచేయించాక అదే లెన్సు కనురెప్పల్ని ఒక్కొక్కటిగా చూపించింది.

ఈ కెమెరాల్లో షట్టర్ లెన్సులోనే ఉంటుంది కాబట్టి 1/500 సెకను దగ్గర కూడా ఫ్లాష్ పనిచేస్తుంది, ఆ సుఖం వదులుకోలేం. కానీ ఏళ్లు వాడకుండా పెట్టిన లెన్సులో షట్టర్ బద్ధకిస్తుంది. బ్యాక్ కొనే ముందు దాన్ని తగిలించి, మీ బాడీ, మీ లెన్సుతోనే, అపర్చర్ పూర్తిగా తెరిచి నాలుగు ఫొటోలు తీసి చూడమని పాఠకులకు చెప్పండి.

మీ పాఠకుడు