ఐర్టో మొరేరా పేరు రాయడానికి చోటు లేకపోయిందా?

సంపాదకుడు గారికి,

గత ఆదివారం అనుబంధంలో జాకీర్ హుస్సేన్‌ను స్మరిస్తూ మీరు ప్రచురించిన వ్యాసంలో ‘ప్లానెట్ డ్రమ్’ ప్రస్తావన చూసి కలిగిన సంతోషం ఆ పేరా పూర్తయ్యేలోగానే ఆవిరైంది. 1992లో ప్రపంచ సంగీత ఆల్బమ్ విభాగంలో తొలి గ్రామీ అందుకున్న ఆ ఆల్బమ్‌లో జాకీర్ తబలాకు, విక్కు వినాయక్‌రామ్ ఘటానికి దీటుగా వాయించిన బ్రెజిల్ కళాకారుడు ఐర్టో మొరేరాను ‘మరో డ్రమ్మర్’ అని, కనీసం పేరైనా రాయకుండా వదిలేశారు.

ఆయన డ్రమ్స్ వాయించని వాడేమీ కాదు. 1972లో జాజ్ పియానిస్టు చిక్ కొరియా ‘రిటర్న్ టు ఫరెవర్’ ఆల్బమ్ రికార్డు చేసినప్పుడు డ్రమ్స్ మీద కూర్చున్నది ఆయనే. అయితే జాజ్ చరిత్రలో ఆయన స్థానం వేరు. 1941లో బ్రెజిల్‌లోని సాంతా కతరీనా రాష్ట్రంలో పుట్టి, 1967లో అక్కడి సంగీతకారుడు హెర్మెటో పాస్కోల్ తదితరులతో ‘క్వార్టెటో నోవో’ ఆల్బమ్ వెలువరించి, తర్వాత గాయని ఫ్లోరా పురిమ్ వెంట అమెరికా వెళ్లిన ఆ మనిషి, 1970లో జాజ్ ట్రంపెట్ విద్వాంసుడు మైల్స్ డేవిస్ బృందంలో చేరినప్పుడు తన దేశపు జానపద వాద్యాలన్నీ వెంట తెచ్చుకున్నాడు. మరుసటి ఏడాది ‘వెదర్ రిపోర్ట్’ అనే జాజ్ బృందం తొలి ఆల్బమ్‌లోనూ ఆయన చేయి వినిపిస్తుంది. మన కంజీరను పోలి, చుట్టూ తాళపు బిళ్లలుండే పాండైరోను బొటనవేలితో, వేళ్ల కొసలతో, అరచేతి మడమతో వాయిస్తూ ఆయన ఒక్కడే పూర్తి సాంబా బృందాన్ని వినిపిస్తాడు. క్వీకా అనే డోలు మూలుగు, బెరింబావు అనే విల్లు వాద్యం తీగె మోత జాజ్ శ్రోతలకు అలవాటు చేసిన వారిలో ఆయన ముందువరుసలో ఉంటాడు.

ఈ నిర్లక్ష్యం మీ ఒక్క పత్రికదే కాదని నాకు తెలుసు. సభల కరపత్రాల్లో గాయకుడి పేరు అరచేయంత, మృదంగ విద్వాంసుడి పేరు చీమ తలకాయంత అచ్చువేస్తారు. ప్రభుత్వ ఉత్సవాల ఆహ్వానాల్లో అదీ ఉండదు, ‘వాద్య బృందం’ అని ఒక్క మాటతో సరిపెడతారు. కచేరీలో మృదంగం ఒంటరిగా మోగే తని ఆవర్తనం మొదలవగానే శ్రోతలు కాఫీకి లేచిపోతుంటే నిర్వాహకులు చూస్తూ ఊరుకుంటారు. ఏళ్ల తరబడి మృదంగం మీద వేళ్లు అరగదీసుకున్న వాడిగా ఇది నన్ను చాలా బాధిస్తోంది. సాంస్కృతిక పుటలు చూసే ఉపసంపాదకులైనా ఆల్బమ్ అట్ట మీది పేర్లు ఒకసారి చదవకూడదా?

వచ్చే ఆదివారం అదే పుటలో ఐర్టో మొరేరా పేరుతో, ఆయన వాద్యాల వివరంతో సవరణ ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక మృదంగ విద్యార్థి,
రాజమహేంద్రవరం